క్వాంటెడాలో డీఎఫ్ఎం మ్యాచ్: నాలుగు స్టార్లు

తిరుపతి లాడ్జీల మీద యాత్రికులు రాసిన అభిప్రాయాల్ని మంచివి, చెడ్డవి అని విడదీసే చిన్న ప్రోగ్రాం ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్నాను. పాత అభిప్రాయాలతో నేర్పించినంతసేపూ బాగానే ఉంది. బ్రహ్మోత్సవాల తర్వాత వచ్చిన కొత్తవి ఇవ్వగానే మొరాయించింది. నేర్చుకున్న పదాలు వేరు, ఈ ఫైల్లో పదాలు వేరు అని ఎర్రర్.

రెండు రోజులు చేత్తోనే పదాల పట్టికలో నిలువు వరుసలు సరిచేస్తూ కూర్చున్నా. చివరికి రాతల్ని విశ్లేషించే క్వాంటెడా ప్యాకేజీలో డీఎఫ్ఎం మ్యాచ్ అనే ఫంక్షన్ కంటపడింది. డీఎఫ్ఎం అంటే ఏ అభిప్రాయంలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో చూపే పట్టిక, ఒక్కో పదానికి ఒక్కో నిలువు వరుస. ఒక్క లైను. పాత పట్టికలోని పదాల జాబితా ఇస్తే కొత్త పట్టికను అదే క్రమంలో పేర్చేస్తుంది. కొత్తదాంట్లో ‘గీజర్’ లేకపోతే ఆ వరుస నిండా సున్నాలు పెడుతుంది. పాతదాంట్లో లేని ‘నల్లులు’ వస్తే ఆ వరుసనే తీసేస్తుంది.

నాకు నచ్చనిదీ ఇక్కడే. తీసేస్తున్నానని ఒక్క మాట చెప్పదు. నల్లులు కుట్టి నిద్రలేకుండా రాసినవాళ్ల గోడు మొత్తం గాల్లో కలిసిపోయింది! అందుకే ఇప్పుడు ముందుగా, ఒక జాబితాలో ఉండి రెండోదాంట్లో లేనివి చూపే సెట్‌డిఫ్‌తో ఏయే పదాలు పోతాయో చూసుకుంటున్నా.

ఇంకోటి, ‘రూము’, ‘రూములో’, ‘రూంలో’ దానికి మూడు వేర్వేరు పదాలు. మన విభక్తుల గొడవ దానికేం తెలుసు, అది మనమే ముందు తేల్చుకోవాలి.

నైవ్ బేయ్స్ అనే వర్గీకరణ పద్ధతి వాడేవాళ్లు, అంచనా వేయించే ప్రెడిక్ట్ ఫంక్షన్‌లోనే ఫోర్స్ ఆప్షన్ పెట్టుకుంటే ఈ సర్దుబాటు అదే చేసుకుంటుంది. నేను మాత్రం విడిగానే చేస్తా, ఏం జరుగుతోందో కళ్లముందు ఉంటుందని. ఉచితం కాబట్టి డబ్బుల పేచీ లేదు. కోసిన ఆ ఒక్క స్టారూ నల్లుల ఖాతాలోది.