పగిలిన ఫైబర్‌గ్లాస్ చుక్కానికి వెస్ట్ సిస్టమ్ ఎపాక్సీ: కొన్నేళ్లు వాడాక

హ్యూస్టన్ దగ్గర కెమాలో నాకో పాత సెయిల్‌బోటు ఉంది. వెస్ట్ సిస్టమ్ బ్రాండు ఎపాక్సీతో, అంటే 105 రెజిన్, దాన్ని గట్టిపరిచే 206 హార్డెనర్ కలిపిన జిగురుతో, అతికించిన దాని చుక్కాని ఇన్నేళ్ల తర్వాత కూడా గట్టిగా ఉంది. గాల్వెస్టన్ బే లోతు సగటున రెండు మీటర్లే కాబట్టి బోటు అడుగు బురదకు తగలడం మామూలే. అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. అయితే ఆ గొప్పంతా ఎపాక్సీదే అనను.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు బోటు యార్డులో స్టాండ్ల మీద ఉంది. ఇలాంటి చుక్కాని అంటే రెండు ఫైబర్‌గ్లాస్ చిప్పలు, మధ్యలో ఫోమ్, అందులోకి దిగిన స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్టు. షాఫ్టు బయటికొచ్చే సందులోంచి నీళ్లు ఏళ్ల తరబడి లోపలికి దిగుతాయి. ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే చిప్పలు విడిపోక ఏమవుతాయి? వెనక అంచు పొడవునా విచ్చుకుంది. యార్డు మనిషి చూసి, పుట్టీ పెట్టి రంగేస్తే చాలన్నాడు. నాణెంతో తట్టి చూశాను. బాగున్న చోట ఖణేల్‌మంది, ఊడిన చోట డొల్లగా పలికింది. కింది అంచున డ్రిల్లుతో రంధ్రాలు వేస్తే కుళ్లు వాసనతో తుప్పు రంగు నీళ్లు కారాయి. పుట్టీతో పోయే రోగం కాదది.

టిల్లర్‌ను, అంటే చుక్కానిని తిప్పే పిడిని, కదలకుండా పట్టుకుని చుక్కానిని మెలిపెట్టి చూడాలి. ఆడిందంటే లోపల షాఫ్టుకు వెల్డ్ చేసిన ప్లేట్లు ఊడినట్టే, ఇక ఏ జిగురూ పనికిరాదు. నాది ఆడలేదు.

ఓపిక కావాల్సింది ఆరబెట్టడానికి. నీడలో, ఫ్యాను ముందు వారాల తరబడి పడి ఉండాలి. హీట్ గన్‌తో తొందరపెడితే లోపలి తేమ ఆవిరై చిప్పలు ఇంకా విడిపోతాయి. ఆ తర్వాత గ్రైండింగ్. పగులు లోతు 3 మిల్లీమీటర్లుంటే రెండు పక్కలా 36 మిల్లీమీటర్ల దాకా వాలుగా చెక్కాలి, అంటే ఒకటికి పన్నెండు. లుంగీ, బనీను మీద చేసే పని కాదు. ఫైబర్ పొడి ఒంటికి అంటితే ఆ రాత్రి నిద్ర ఉండదు. మాస్కు సరేసరి.

కలపడం తేలిక. అయిదు పాళ్లు రెజిన్‌కి ఒకటి హార్డెనర్, ఆ కొలతకే చేసిన పంపులు కొంటే రెండిట్లోనూ చెరో నొక్కు. 22 డిగ్రీల్లో 206 కలిపిన రెజిన్ ఇరవై నిమిషాల పైనే గట్టిపడకుండా ఆగుతుంది కానీ మన హ్యూస్టన్ వేసవిలో అంత టైమివ్వదు. కప్పులో వదిలేస్తే వేడెక్కి పొగలొస్తుంది, వెంటనే వెడల్పాటి ట్రేలో పోసుకోవాలి. చెక్కిన చోట పరిచిన తెల్లటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ రెజిన్ పీల్చుకుంటూ గాజులా మారుతుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలితే గాలి ఉందని లెక్క. గుడ్డ మాత్రం నేసినదో, కుట్టినదో వాడండి. చౌకగా దొరికే చాప్డ్ మ్యాట్‌లో (తుంపిన పోగుల చాపలో) పోగుల్ని పట్టి ఉంచే బైండర్ చాలావరకు పాలియెస్టర్ రెజిన్‌కే కరుగుతుంది.

ఆరాక పైన మైనంలాంటి పొర తేలొచ్చు, మా ఉక్కలో మరీ ఎక్కువ. మామూలు నీళ్లు, స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది కడిగాకే శాండింగ్. ఎపాక్సీ ఎండకు ఆగదు కాబట్టి పైన రంగు తప్పదు.

నా చుక్కానిలో ఎపాక్సీ తీర్చలేనిది ఒక్కటే, ఆ షాఫ్టు సందు. స్టీలు, ఫైబర్ ఒకేలా వ్యాకోచించవు కాబట్టి అక్కడ బిగుసుకుపోయేదేదైనా మళ్లీ పగులుతుంది. సన్నగా గాడి తీసి సాగే పాలీయూరిథేన్ సీలెంట్ నింపాను. బోటు పైకి తీసినప్పుడల్లా దాన్ని మారుస్తున్నాను.

కొత్త చుక్కాని చేయిస్తే వేల డాలర్లు. పాలియెస్టర్ ఇంకా చౌక, కానీ పాత ఫైబర్ మీద అది ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు. అందుకే మళ్లీ పగిలినా నేను ఎపాక్సీయే కొంటాను. హుస్సేన్‌సాగర్‌లో లేజర్లు (ఒక్కరే నడిపే చిన్న సెయిల్‌బోట్లు) నడిపేవాళ్లకు అంత శ్రమ లేదు, వాటి చుక్కాని చిన్న బ్లేడే, దానికి షాఫ్టు ఉండదు. ఇండియాలో అరాల్డైట్ ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్ జత వాడుకలో ఉన్నదే. దాన్ని తూకం వేసి పదికి ఒకటి కలపాలి కాబట్టి, పంపులకు బదులు చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి.