నెల్లూరు పాత మిద్దెలు సూపర్, ఆ లాడ్జి మాత్రం వద్దు బాబోయ్

నేను ఆర్కిటెక్ట్‌ని, ఊళ్లల్లో పడగొట్టేసేలోపు పాత ఇళ్లు కొలిచి బొమ్మలేసుకోవడం నా పిచ్చి, ఈసారి నెల్లూరు. తోడు మా ఫ్రెండొకడు, ఫొటోలు తీస్తాడు, ఎండకి సణుగుతాడు.

ముందు లాడ్జి సంగతి చెప్పాలి. ఆన్‌లైన్‌లో డీలక్స్ ఏసీ 1,800, పెద్ద కిటికీ ఫొటో, 24 గంటల చెక్ అవుట్ అని రాసుంది. కర్టెన్ తీస్తే ఎదురుగా గోడ, మధ్యలో బాత్రూమ్ పైపులు దిగే సందు! బయటేమో బిల్డింగ్ మొత్తానికి గాలాడకుండా అద్దాలూ, ఏసీపీ షీట్లూ (మధ్యలో ప్లాస్టిక్ పెట్టిన అల్యూమినియం రేకులు). సరేలే పడుకోడానికేగా అనుకున్నా. సాయంత్రం ఆరింటికి దిగినోళ్లం, మర్నాడు పన్నెండున్నరకి తాళం ఇస్తుంటే "మాది పన్నెండుకే సార్, హాఫ్ డే 900 కట్టండి" అన్నాడు. స్క్రీన్‌షాట్ చూపిస్తే "అది యాప్ వాళ్లు పెట్టింది, మాకు సంబంధం లేదు" అంట. అరగంట అరిచాక 400కి దిగాడు. రైల్వే స్టేషన్ దగ్గర 900 రూపాయల రూములే నయం, వాటికి కనీసం కిటికీ ఉంటది.

మూలాపేటలో మాత్రం పండగే. మూలస్థానేశ్వరస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో ఒక మిద్దె అరుగు మీద కూర్చుని గీస్తుంటే లోపల్నుంచి పెద్దావిడ వచ్చి "ఏం గీస్తా ఉండావబ్బయా, కార్పొరేషనోళ్లు పంపించారా?" అనింది. కాదని బొమ్మ చూపిస్తే మజ్జిగిచ్చి లోపలికి రమ్మనింది. పైకి చూస్తే అసలు సిసలు మద్రాస్ టెర్రస్ కప్పు: టేకు దూలాలు, వాటిమీద సన్నటి ఇటుకల్ని అంచుమీద నిలబెట్టి ఐమూలగా పేర్చి సున్నంతో కట్టింది, ఇనుప చువ్వ ఒక్కటీ లేదు. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా కూర్చోగలిగాం, మా ఏసీ రూములో అది ఊహించుకోండి. పక్క స్థలంలో అపార్ట్‌మెంట్‌కి గొయ్యి సరిగ్గా గోడ వారనే తవ్వారు, దెబ్బకి ఈ గోడలో చిటికెన వేలు దూరేంత బీట. బెంగుళూరులో ఉండే కొడుకు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం, రెండు ఫ్లాట్లొస్తాయి అంటున్నాడంట. ఆవిడకి లిఫ్టంటే భయం. ఇచ్చేస్తారనే నాకనిపించింది, అందుకే ఆ దూలాల కొలతలన్నీ రాసుకున్నా.

రంగనాథస్వామి గుడి, వెనక పెన్న ఒడ్డు సాయంత్రం వెళ్లండి, బావుంటది. ఆటో 150 అడుగుతారు, 80కి వస్తారు.

భోజనం ఏసీ హోటళ్లలో వద్దు. సంతపేటలో చిన్న మెస్సులో మామిడికాయ ముక్కలేసిన కొర్రమీను పులుసు, అన్నంతో 220. నిన్నటి పులుసుందా అని అడగండి, ఉంటే అదే పోయించుకోండి. మావాడి సణుగుడు అక్కడ ఆగింది, మళ్లీ ఆ 400 గుర్తొచ్చి ట్రైన్‌లో మొదలెట్టాడు.