భారీ మనిషికి ఇన్నోవా క్రిస్టా: 2018 నుంచి నడుపుతున్న జయపురం వాసి మాట

నా ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, బరువు 140 కిలోల చుట్టూ ఉంటుంది. ఉండేది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో. చింతపండు, పసుపు వ్యాపారం. ఆ పనిమీదా, అమ్మ వైద్యం పనిమీదా విశాఖపట్నం వెళ్లిరావడం మాకు మామూలే. కొరాపుట్, పొట్టంగి దాటి, సుంకి ఘాట్ దిగి, సాలూరు మీదుగా రెండొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. 2018లో ఇన్నోవా క్రిస్టా జెడ్‌ఎక్స్, 2.8 లీటర్ల డీజిల్ ఆటోమేటిక్ తీసుకున్నాను. అప్పటినుంచీ నేనే నడుపుతున్నాను. మైలేజీ, సర్వీసు గురించి చెప్పేవాళ్లు బోలెడంతమంది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి డ్రైవరు సీట్లో గంటల తరబడి కూర్చుంటే ఎలా ఉంటుందో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

బండి పెద్దదైతే చాలనుకుంటారు చాలామంది. ఏడుగురు పట్టే బండిలో కూడా డ్రైవరుకి ఇరుకే ఉండొచ్చు. పొట్టకి చోటు కావాలని సీటు వెనక్కి జరిపితే చేతులు చాచి స్టీరింగ్ పట్టుకోవాలి, సాలూరు చేరేసరికి భుజాలు లాగేస్తాయి. ముందుకి జరిపితే స్టీరింగ్ పొట్టకి ఒరుసుకుంటుంది, మోకాలు డాష్‌బోర్డు కింద ఇరుక్కుంటుంది. స్టీరింగ్ పైకీ కిందకీ కదిలినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. దాన్ని మనవైపు లాక్కునే వీలు కూడా ఉండాలి. టెలిస్కోపిక్ స్టీరింగ్ అని అడగాల్సింది అందుకే. క్రిస్టాలో రెండు రకాల సర్దుబాటూ ఉంది. నేను సీటుని దాదాపు చివరిదాకా వెనక్కి జరిపి, బాగా దించి, స్టీరింగ్‌ని పైకెత్తి నావైపు లాక్కుంటాను. మోచేతులు కాస్త మడిచే ఉంటాయి, తొడలమీద ఒత్తిడి ఉండదు.

సౌకర్యం ఒక్కటే కాదు, ప్రాణం సంగతి కూడా ఉంది ఇందులో. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకుంటుంది. రొమ్ము ఎముకకీ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. మాలాంటివాళ్లకి ఆ దూరం తేలిగ్గా దొరకదు. షోరూముకి వెళ్లేటప్పుడు చిన్న టేపు జేబులో పెట్టుకెళ్లండి, సిగ్గుపడకండి.

బెల్టు కూడా అక్కడే పెట్టుకుని చూడాలి. నేను చూసిన ఒక చిన్న బండిలో బెల్టు సరిపోయింది గానీ, దాన్ని తొడిగే కొక్కెం సీటుకీ గేరు పెట్టెకీ మధ్య సందులోకి దిగిపోయి చేతికి అందలేదు. తుంటి కింద తడుముకుంటూ వెతకాల్సి వచ్చింది. రోజూ అలా వెతుక్కోవాల్సి వస్తే మనిషి బెల్టు మానేస్తాడు. క్రిస్టాలో నాకు బెల్టు ఇంకా కొంత మిగులుతుంది, కొక్కెం చూడకుండానే అందుతుంది. కింది పట్టీని మాత్రం పొట్టమీదుగా వేసుకోకండి. పొట్ట కిందుగా, తుంటి ఎముకలమీద బిగువుగా ఉండాలి. బెల్టు చాలకపోతే బజారులో దొరికే అతుకు ముక్కలు తగిలించొద్దు, ఆ బండి వదిలేయండి.

ఎక్కడం దిగడం నాకు పెద్ద విషయం, ఎందుకంటే మోకాళ్లు అరిగాయి. తక్కువ ఎత్తు కార్లలోకి దిగి కూర్చోవాలి, మరీ ఎత్తు జీపుల్లోకి పాకి ఎక్కాలి. ఇందులో సీటు నా తుంటికి కాస్త కిందగా ఉంటుంది. ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంటాను.

ఇన్నేళ్లలో సీటులో అరిగింది కూడా ఆ ఎక్కే చోటే. తలుపు వైపు అంచున ఉబ్బెత్తుగా ఉండే ఫోమ్ నా బరువుకి అణిగిపోయింది. దూరం వెళ్తే కుడి తుంటి కిందకి జారినట్టయ్యి నడుం పట్టేసేది. సీటు కవర్లు కుట్టే ఆయన చూసి, "బాబూ, సీటంతా మార్చక్కర్లేదు, ఈ పక్క గట్టి ఫోమ్ వేస్తే సరిపోద్ది" అన్నాడు. వేయించాను, నిలబడింది. ఈ మోడల్‌లో పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు వీపు అంచులోనే ఉంటుంది. కాబట్టి అడుగు భాగం ఒక్కటే విప్పించాను. వీపు భాగం ముట్టుకోనివ్వలేదు, మందపాటి కవరు తొడగనివ్వలేదు. మీ సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న పట్టీ కుట్టి ఉంటే మీరూ అంతే చేయండి.

ఘాట్‌లో బండి బలం గురించి బెంగ లేదు. 174 పీఎస్ ఇంజను, ఆరు గేర్ల ఆటోమేటిక్. క్లచ్ లేకపోవడం నా ఎడమ మోకాలికి వరం. లారీల వెనక నత్తనడకన ఎక్కాల్సి వచ్చినా కాలికి శ్రమ లేదు. దిగేటప్పుడు మాత్రం గేరుని మాన్యువల్ వైపు తోసి, రెండులోనో మూడులోనో ఉంచండి. బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది.

హైడ్రాలిక్ స్టీరింగ్ కాబట్టి నెమ్మదిగా తిప్పేటప్పుడు బరువు తెలుస్తుంది. 4.7 మీటర్లకి పైగా పొడవున్న బండిని జయపురం బజారులో నిలపడానికి ఓపిక కావాలి. కొండదారిలో డీజిల్ గట్టిగానే తాగుతుంది. ఇవన్నీ నేను భరించగలను. నడుం నొప్పి భరించలేను.

నా సీటు అంత వెనక్కి జరిపినా నా వెనక అమ్మ ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. రెండో వరసలో విడివిడి సీట్లు కూడా ముందుకీ వెనక్కీ జరుగుతాయి మరి.

ఈ 2.8 ఆటోమేటిక్ ఇప్పుడు కొత్తది రాదు, సెకండ్ హ్యాండే గతి. క్రిస్టా డీజిల్ 2023లో మళ్లీ వచ్చినప్పుడు మాన్యువల్ గేరుతోనే వచ్చింది. మోకాళ్లు బాగుంటే అది చాలు. లేదంటే ఇన్నోవాలోనే హైక్రాస్ అనే మోడల్ చూడండి, అది ఆటోమేటిక్. పాతది కొంటే డ్రైవరు సీటు మోటారు అన్ని వైపులా కదులుతోందో లేదో చూసుకోండి. మన సరిహద్దు వాళ్లు విజయనగరంలోనో విశాఖలోనో కొని ఆంధ్రా నంబరుతోనే ఏళ్లూ పూళ్లూ తిప్పుతుంటారు. బండిని 12 నెలలకి మించి ఇక్కడే ఉంచితే ఒడిశా నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, ఇక్కడ రోడ్ టాక్స్ కట్టాలి. బేరమాడేటప్పుడే ఆ ఖర్చు కలుపుకుని, ఎన్ఓసీ చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి.