‘మెయిన్‌ల్యాండ్ నుంచా?’: అండమాన్ ఓడలు, ఊళ్లు, విడిదులు

పోర్ట్ బ్లెయిర్‌లో ఆటో ఎక్కితే మొదట ఎదురయ్యే ప్రశ్న “మెయిన్‌ల్యాండ్ నుంచా?” అని. హైదరాబాదా, చెన్నయా, కోల్‌కతానా అన్నది ఆ తర్వాతి సంగతి. అక్కడివాళ్ల లెక్కలో దేశం రెండు ముక్కలు: ఇటు దీవులు, అటు మెయిన్‌ల్యాండ్. ఇంట్లో బెంగాలీయో తమిళమో తెలుగో మలయాళమో మాట్లాడుకుంటారు, వీధిలోకి వస్తే అందరిదీ అండమాన్ హిందీయే. మీరెవరంటే “ఐలాండర్” అంటారు. దీవులకు సొంత అసెంబ్లీ లేదు, లోక్‌సభలో ఉన్నది ఒక్క సీటు. హైకోర్టు అంటే కలకత్తా హైకోర్టు వారి బెంచి. బియ్యం, పప్పు, మందులు ఓడ మీద రావాలి. జబ్బు ముదిరితే రోగిని చెన్నైకో కోల్‌కతాకో పంపాలి. నిర్ణయాలూ నిత్యావసరాలూ వెయ్యి కిలోమీటర్లు దాటి వచ్చేచోట ఈ వేరు భావన పుట్టకపోతేనే వింత.

బీచిల కోసం వెళ్లేవాళ్లకు సమాచారం కొదవ లేదు. ఈ దీవుల మనుషుల్ని కూడా చూసి రావాలనుకునేవాళ్లు ఎక్కడ దిగాలి, ఏ పడవ ఎక్కాలి, దేన్ని వదిలేయాలి అన్నదే ఇక్కడి విషయం.

ముందు పేర్లు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురంగా మారింది. టికెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట పాతవి. బుకింగ్ చేసేటప్పుడు రెండూ తెలిసుండాలి, లేకపోతే షహీద్ ద్వీప్‌కూ స్వరాజ్ ద్వీప్‌కూ తేడా తెలియక ఒక దీవికి గదీ మరో దీవికి పడవా తీసుకునే పొరపాటు జరుగుతుంది.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, సమయం తక్కువ ఉన్నవాళ్లకు అదే దారి. అయితే దీవి ఎంత దూరమో ఒంటికి తెలియాలంటే ఓడ ఎక్కాలి. చెన్నై, కోల్‌కతాల నుంచి నెలకు మూడు నాలుగు ఓడలు, విశాఖ నుంచి నెలకు ఒకటి వేసుకోవచ్చు, అదీ కచ్చితం కాదు. విశాఖ నుంచి రెండున్నర రోజుల ప్రయాణం. తేదీలు ఆలస్యంగా ప్రకటిస్తారు, ప్రకటించాక కూడా మారుస్తారు. అందుకే సెలవు మరీ బిగుతుగా ఉన్నవాళ్లు వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోవాలి. ఓడ ఒక రోజు వెనక్కి జరిగినా తిరుగు విమానం టికెట్టు పోదు. బంక్‌లో వరుసగా పడకలుంటాయి, వందలమంది మధ్య పడుకోవాలి, చవక. కేబిన్‌లో తలుపు వేసుకోవచ్చు. ఊపు ఓడ మధ్యభాగంలో తక్కువ, ముందు కొసన ఎక్కువ, ఎంచుకునే వీలుంటే మధ్యలోనే తీసుకోండి. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే నిలవదు, ఓడ కదలడానికి అరగంట ముందే వేసుకోవాలి. క్యాంటీను భోజనం కడుపు నింపుతుంది, అంతకు మించి ఆశించొద్దు. అటుకులు, జంతికలు, పులిహోర కట్టుకెళ్లే పాత అలవాటే మేలు. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా సముద్రం పోటు మీద ఉంటుంది, పిల్లలతో ఆ రోజుల్లో ఓడ వద్దు.

ఇక ఐలాండర్ కార్డు. దీవుల పాలనా యంత్రాంగం స్థానికులకిచ్చే గుర్తింపు ఇది. సర్కారు ఓడల్లో, దీవుల మధ్య తిరిగే పడవల్లో ఈ కార్డు ఉన్నవాళ్లకు ఒక ధర, లేనివాళ్లకు అంతకంటే ఎక్కువ ధర. కౌంటరు దగ్గర దీని మీద వాదించే యాత్రికులు తరచూ కనిపిస్తారు. వాదించాల్సిన విషయం కాదిది. మనకు ఆర్టీసీ బస్సు ఎంతో వాళ్లకు ఆ పడవ అంత. బడికి, ఆసుపత్రికి, కూరగాయల బేరానికి అదే దారి. దీవుల మధ్య హెలికాప్టరు కూడా అంతే, ముందు రోగులు, ఆ తర్వాతే మిగతావాళ్లు. యాత్రికులు దాన్ని లెక్కలో పెట్టుకోకూడదు.

సర్కారు పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, కాటమరాన్లనే ప్రైవేటు వేగపు పడవలు హేడో రేవు నుంచి బయల్దేరుతాయి. రెంటినీ కలగలిపి ఒక జెట్టీకి పోవాల్సినవాళ్లు మరోదానికి పోవడం మామూలే, ముందురోజే చూసిపెట్టుకోండి. హేవ్‌లాక్‌కు సర్కారు పడవలో దాదాపు రెండున్నర గంటలు, ప్రైవేటులో గంటన్నర నుంచి రెండు. ప్రైవేటులో ఏసీ, నంబరు వేసిన సీటు, మూసిన అద్దాలు. సర్కారు పడవలో డెక్ మీదికెక్కి నిలబడొచ్చు, పక్కన కోళ్ల గంపతోనో గ్యాస్ బండతోనో ఐలాండర్ కూర్చుని ఉంటాడు. మా మాట అడిగితే వెళ్లేటప్పుడు ఒక్కసారైనా సర్కారు పడవ ఎక్కండి. కౌంటరులో ఫారం నింపాలి: పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు. ఆధార్ నకళ్లు మనిషికి రెండు చొప్పున దగ్గర పెట్టుకుంటే పని తొందరగా అవుతుంది. గాలివాన హెచ్చరిక వస్తే ప్రైవేటు పడవలు ఆగిపోతాయి, డబ్బు వెనక్కి వస్తుంది, సీటు మాత్రం రాదు. మర్నాడు అందరూ ఒకేసారి కౌంటరు మీద పడతారు. హేవ్‌లాక్ నుంచి వచ్చే పడవ, ఇంటికెళ్లే విమానం ఒకే రోజు పెట్టుకున్నవాళ్లు నష్టపోయేది ఇక్కడే. మధ్యలో ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలి.

పోర్ట్ బ్లెయిర్‌ను చాలామంది సెల్యులార్ జైలు చూసి దాటేస్తారు. మూడు రోజులైనా ఇవ్వాల్సిన ఊరు. జైలు కట్టింది 1896 నుంచి 1906 దాకా. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే ఉన్నాయి, కూల్చిన చోట గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వచ్చింది. గైడ్లు రాజకీయ ఖైదీల గురించే చెబుతారు. ఐలాండర్ అన్న మాట వెనుక ఉన్నది అంతకు ముందరి కథ. 1858లో మొదలైన శిక్షా వలసకు, అంటే ఖైదీలను తెచ్చి ఉంచే ఆవాసానికి, వేలమంది మామూలు ఖైదీలు వచ్చారు. కొన్నేళ్లు సత్‌ప్రవర్తన చూపితే ‘సెల్ఫ్ సపోర్టర్’ టికెట్టిచ్చి భూమి, పెళ్లికి అనుమతి ఇచ్చేవారు. కులం, మతం, భాష కలవని జంటలు ఇక్కడే కాపురం పెట్టాయి. వాళ్ల సంతానమే ‘లోకల్ బార్న్’. 1942కు ముందు నుంచి ఉన్నవాళ్లందరినీ కలిపి ‘ప్రీ-42’ అంటారు. 1942 ఎందుకంటే, ఆ మార్చిలో జపాన్ సైన్యం దిగింది, 1945 అక్టోబరు దాకా ఉంది. హంఫ్రీగంజ్‌లో 1944 జనవరి 30న గూఢచారులన్న అనుమానంతో 44 మందిని కాల్చి చంపారు. అక్కడ అమరవీరుల స్మారకం ఉంది, టూరు ప్యాకేజీల్లో ఉండదు. మోహన్‌పురా బస్టాండు నుంచి ఆ దిక్కు బస్సులున్నాయి, ఆటో అయితే రానుపోను మాట్లాడుకోవాలి. ‘ప్రీ-42’ అనే మాటను స్థానికులు అంత బరువుగా ఎందుకు పలుకుతారో అక్కడ తెలుస్తుంది. లోకల్ బార్న్ ఇంటివాళ్లను మీ తాత ఏం నేరం చేశాడని మాత్రం అడగొద్దు.

ఖైదీల ఊళ్లు చూడాలంటే చాతం నుంచి బాంబూఫ్లాట్‌కు వాహనాల పడవ ఎక్కండి, కొద్ది నిమిషాల దారి. చాతంలో 1883 నాటి రంపపు మిల్లు ఉంది, ముందు అది చూసుకుని పడవ ఎక్కితే సరిపోతుంది. అటువైపు పానీఘాట్ దగ్గరి హోప్‌టౌన్‌లో 1872లో షేర్ అలీ అనే ఖైదీ వైస్రాయ్ లార్డ్ మేయోను పొడిచి చంపాడు. పైనున్న కొండ మౌంట్ హ్యారియట్, 2021 నుంచి మౌంట్ మణిపూర్. 1891 యుద్ధంలో ఓడిన మణిపురీ ఖైదీలను ఉంచింది అక్కడే. పాత ఇరవై రూపాయల నోటు మీది బొమ్మ ఆ కొండ మీంచి కనిపించేదే.

గది విషయానికొస్తే, అబర్డీన్ బజారు చుట్టుపక్కల తిండికీ బస్సుకీ దగ్గర, చప్పుడు ఎక్కువ. కార్బిన్స్ కోవ్ వైపు ప్రశాంతం, ప్రతి పనికీ ఆటో కావాలి. జంగ్లీఘాట్ విమానాశ్రయానికీ బజారుకీ మధ్యన. ఎక్కడ తీసుకున్నా అద్దె కంటే ముందు నీళ్ల సంగతి అడగండి. ఊరికి నీళ్లు ప్రధానంగా ధనీఖాడి ఆనకట్టవి, ఎండాకాలం రోజు విడిచి రోజు ఇచ్చే పరిస్థితి వస్తుంది. సొంత ట్యాంకు పెద్దదిగా ఉన్న బస మేలు. జనరేటరు ఏసీని లాగుతుందా, లైట్లూ ఫ్యాన్లూ వరకేనా అన్నది రెండో ప్రశ్న.

జంగ్లీఘాట్ తెలుగువాళ్ల పేట. చేపల జెట్టీ, చుట్టూ ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చిన కుటుంబాలు. 2011 జనాభా లెక్కల్లో దీవుల 3.8 లక్షల మందిలో దాదాపు 13 శాతం తెలుగును మాతృభాషగా చెప్పారు. మనవాళ్లు ఇక్కడ చేసే పొరపాటొకటుంది. తెలుగు వినగానే “మీదే ఊరండీ, శ్రీకాకుళమా?” అని మొదలుపెడతారు. రెండు మూడు తరాల కిందట వచ్చిన కుటుంబానికి సొంతూరు జంగ్లీఘాటే. “ఎన్నాళ్లయింది వచ్చి?” అన్న ప్రశ్న వాళ్లను అతిథిని చేస్తుంది. ఏ బడిలో చదివారు, ఏ పడవ మీద వేటకు వెళ్తారు అని అడిగితే మాట సాగుతుంది. పొద్దున జెట్టీకి వెళ్తే తాజా చేప తెలుగులోనే బేరమాడుకోవచ్చు. పక్క వీధి మెస్సుల్లో చేపల పులుసు భోజనం ఊళ్లో ఏ హోటలుకూ తీసిపోదు.

నీల్, హేవ్‌లాక్‌లలో ఒక్కటే చూసే వీలుంటే నీల్‌నే ఎంచుకోవాలి. హేవ్‌లాక్‌లో రాధానగర్ తీరం గొప్పదే, కాదనలేం. కానీ జెట్టీకి డజను కిలోమీటర్ల దూరం. రిసార్టులు ఎక్కువగా ఉన్న గోవింద్ నగర్, విజయ్ నగర్ వైపు ఆటుకు నీళ్లు ఎంతో వెనక్కి పోతాయి, రాళ్లు తేలతాయి. ఈతకని గది తీసుకున్నవాళ్లు నిరాశపడతారు. పెద్ద రిసార్టుల్లో పనివాళ్లు చాలామంది సీజనుకు మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చినవాళ్లే. నీల్ చిన్నది, సైకిలు మీద తిరగొచ్చు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు నిలబెట్టిన ఊళ్లు ఇవి, పేర్లన్నీ రామాయణమే: రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. లక్ష్మణ్‌పూర్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెనను స్థానికులు హౌరా బ్రిడ్జి అంటారు. వదిలొచ్చిన బెంగాల్‌ను ఒక్క పేరులో దాచుకున్నారు. అది ఆటు వేళే అందుతుంది, బస వాళ్లను ఆ రోజు ఆటు ఎప్పుడో అడిగి బయల్దేరండి. పాచి రాళ్ల మీద హవాయి చెప్పులు జారతాయి, వెనుక పట్టీ ఉన్నవి కావాలి. బజారు దగ్గరి చిన్న హోమ్‌స్టేల్లో గది మామూలుగా ఉంటుంది, అన్నం, చేప, తోటకూర మాత్రం పెరట్లోవి, పక్క పొలంలోవి. పోర్ట్ బ్లెయిర్‌కు కూరగాయలు ఇక్కణ్నుంచే పోతాయి. నగదు తీసుకెళ్లాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఇంటర్నెట్ బాగా మెరుగైంది, కానీ కరెంటు పోయినప్పుడు ఫోన్ చెల్లింపులు మొరాయిస్తాయి.

ఇంకా రోజులుంటే ఉత్తరాన మాయాబందర్ దగ్గరున్న వేబీకి వెళ్లండి. 1925లో అడవి పనుల కోసం బర్మా నుంచి తెచ్చిన కరెన్ తెగవాళ్ల ఊరు. చర్చి, కర్ర ఇళ్లు, పోక తోటలు. కొన్ని ఇళ్లలో బస దొరుకుతుంది, ముందే ఫోన్ చేసి భోజనం చెప్పుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే ఏమీ ఉండదు. వీళ్లూ ఐలాండర్లే, వందేళ్లుగా.

అక్కడికి వెళ్లే దారి గురించి గట్టిగా చెప్పాలి. అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జరవాలు అనే ఆదిమ తెగవాళ్ల అడవిలోంచి పోతుంది. వాహనాలు కాన్వాయ్‌గా కదలాలి, తొలి కాన్వాయ్ కోసం తెల్లవారుజామునే గేటు దగ్గర వరుస కట్టాలి. ఆగడం, ఫొటో తీయడం, తిండి విసరడం నేరం, జైలు శిక్ష ఉంది. ఈ రోడ్డును మూయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది, మూయలేదు. రంగత్, మాయాబందర్ వాసులకు ఆసుపత్రికి దారి అదే కాబట్టి వాళ్లు వద్దనలేరు. యాత్రికుడికి ఆ అక్కర లేదు. బారాటాంగ్ సున్నపురాయి గుహల పేరుతో అమ్మే ఒక రోజు టూరు చాలామందికి జరవాలను చూసే సాకు. ఐలాండర్ అన్న మాట పుట్టక ముందు నుంచీ ఆ అడవి వాళ్లది. ఆ టూరు కొనకండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్‌కు నీల్, హేవ్‌లాక్‌ల మీదుగా సర్కారు పడవ ఉంది. రోజంతా పడుతుంది, రోజూ ఉండదు. ఆ పడవ ఉన్న రోజును బట్టి మిగతా కార్యక్రమం వేసుకోవాలి. రంగత్ నుంచి మాయాబందర్‌కు బస్సు దొరుకుతుంది, అక్కడ రోడ్డు జరవాల అడవి దాటేసి ఉంటుంది.

డిసెంబరులో సాయంత్రం 5కే చీకటి, గడియారం మాత్రం మన టైమే. రోజును ఉదయం 5కు మొదలుపెట్టకపోతే సగం పోయినట్టే. తీరాన మొసళ్ల హెచ్చరిక బోర్డు కనిపిస్తే అది అలంకారానికి కాదు, ఉప్పునీటి మొసళ్లు నిజంగా ఉన్నాయి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకుంటే విమానాశ్రయంలో తీయించేస్తారు. ఓడలో తిరిగి రావాలనుకుంటే టికెట్టు సంగతి దిగిన మొదటి రోజే చూసుకోండి. బడి సెలవులు మొదలయ్యాయంటే మెయిన్‌ల్యాండ్ చుట్టాలను చూడబోయే ఐలాండర్లతోనే బంకులన్నీ నిండిపోతాయి.