పోచంపల్లి యాత్ర: మగ్గానికి ఇరవై నిమిషాలు, దుకాణానికి గంటన్నర

మాదాపూర్‌లో మూడు రోజుల సదస్సు. నాలుగో రోజు ప్రతినిధులకు భూదాన్ పోచంపల్లి యాత్ర, తలకు 3,200 రూపాయలు. బస్సులో ముప్పై నలుగురం. 'చేనేత, తెలంగాణ భోజనం' అని కాగితం మీద రాసి ఇచ్చారు. తీరా మగ్గం ఉన్న ఇంట్లో ఇరవై నిమిషాలు నిలబెట్టి, హైవే పక్కన ఏసీ దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టారు. మోసమంటే ఇదే. నేత చూద్దామని రెండు విమానాలు మారి వచ్చిన వాళ్లు తిరుగు దారి పొడవునా మాట్లాడలేదు.

నిర్వాహకుడు ఎవరైనా సరే, డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగండి: నేత ఏ వరసలో చూపిస్తారు? నేరుగా మగ్గం దగ్గరికి తీసుకెళ్తే ఏమీ అర్థం కాదు, ఎందుకంటే పోచంపల్లి నేత అయిన ఇక్కత్‌లో డిజైను మగ్గం మీద పుట్టదు, అంతకు ముందే నూలులో ఉంటుంది. ముందు ఆసు చూడాలి, అంటే రంగు వేయకముందు పోగును కొలత ప్రకారం మేకులకు చుట్టే పని. నడుమ ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఆడవాళ్లు పట్టుపోగును ఆ మేకుకూ ఈ మేకుకూ మధ్య తిప్పుతూనే ఉంటారు. చేత్తో పోస్తే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి, నాలుగైదు గంటల పని. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేసింది ఇందుకే. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతి ఆసు, యంత్రం రెండూ ఉన్న ఇల్లు దొరికితే వదలొద్దు.

ఆసు తర్వాత చిటికి. గీత గీసిన చోటల్లా పోగుల కట్టకు సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు ముక్క బిగించి కడతారు. రంగులో ముంచి తీసి, ఆరాక ముడి విప్పితే కట్టిన చోటు తెల్లగా బయటపడుతుంది. ఆ ముడి విప్పే నిమిషం మా బస్సులో ఒక్కరూ చూడలేదు. చివరికి మగ్గం, అక్కడ పడుగు (నిలువు పోగులు) మీద పేక (అడ్డపోగు) పడి, పువ్వు పువ్వుతో కలిసేది కనిపిస్తుంది. నేతగాళ్ల ముందుగదిలో తొమ్మిది మందికి మించి పట్టరు. ముప్పై నలుగురిని నాలుగు గుంపులు చేసి, నాలుగిళ్లకు ఇంటికి పాతిక నిమిషాల చొప్పున తిప్పితే రెండు గంటల్లో అందరికీ అన్నీ తెలుస్తాయి. వానాకాలంలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. గుంట మగ్గంలో నీళ్లు ఊరితే పని ఆగిపోతుంది.

కొనేవాళ్లు బట్టను తిరగేసి చూడాలి. చిటికి కట్టిన బట్ట రెండు వైపులా ఒకే రంగుతో ఉంటుంది, డిజైను అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. అంచు కత్తిరించినట్టు ఉండి, వెనక వెలిసినట్టుంటే అది ప్రింటు. మమ్మల్ని దింపిన దుకాణంలో ఇక్కత్ పేరుతో ప్రింటు దుప్పట్టాలు 1,800కు అమ్ముతున్నారు.

ఇక భోజనం. జొన్నరొట్టె, నాటుకోడి కూర బాగున్నాయి. సర్వపిండి మాత్రం పాడు చేశారు. పొద్దున పదింటికి కాల్చి హాట్‌ప్యాక్‌లో పెట్టి ఒంటిగంటన్నరకు వడ్డించారు. ఆవిరికి మెత్తబడి తోలులా సాగింది. సర్వపిండికి గుండ్రటి అడుగున్న గిన్నె కావాలి. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపిన ముద్దను గిన్నె లోపలంతా పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుకో చుక్క నూనె వేసి సన్నమంట మీద పావుగంట ఉంచాలి. వేడి గిన్నెలో రెండో ముద్ద ఒత్తలేం. గిన్నె బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి. తలా పావు ముక్క లెక్కన ముప్పై నలుగురికి తొమ్మిది సర్వపిండులు. రెండు పొయ్యిలు, నాలుగు గిన్నెలు పెట్టుకుని వడ్డనకు గంటంబావు ముందు మొదలుపెడితే చివరి ముక్క కూడా కరకరలాడుతుంది.

పల్లీలు పడని వాళ్లెవరో ముందురోజే రాయించుకోవాలి. మాతో వచ్చినావిడ ఆ భయంతోనే పెరుగన్నంతో సరిపెట్టుకుంది. పచ్చిపులుసు కాచరు కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లతోనే చింతపండు పిసకమని వంటవాళ్లకు గట్టిగా చెప్పండి. మొదటిసారి మన నేల మీదికి వచ్చిన అతిథులకు కడుపు చెడేది కారం వల్ల కంటే నీళ్ల వల్లే.

దారి సంగతి: దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే ట్రాఫిక్ బాధ ఉండదు. 1951లో వినోబా భావే మాట మీద వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేనివాళ్లకు నూరెకరాలు ఇచ్చిన ఊరు ఇదే కాబట్టి వినోబా మందిరానికి పావుగంట తీయండి. తిరుగు విమానం రాత్రి తొమ్మిది లోపు ఉన్నవాళ్లు ఈ యాత్ర పెట్టుకోవద్దు. బస్సు ఎక్కేముందే డ్రైవరుతో, గైడుతో ఇద్దరితోనూ చెప్పండి: మధ్యలో ఏ దుకాణం దగ్గరా ఆపేది లేదని.