రెండున్నరేళ్లు అనీసూన్ కషాయం తాగాక

వాసన గురించి మాత్రం ఎవరూ అనుమానపడక్కర్లేదు. గిన్నె పొయ్యి మీద పెట్టిన ఐదు నిమిషాలకే హాల్లో పేపరు చదువుతున్న మా ఆయన "ఏంటోయ్, ఇవాళ స్వీటా?" అని అడిగేంత తియ్యటి వాసన. ఆ వాసనే నన్ను దగ్గర దగ్గర ఏడాది పాటు బోల్తా కొట్టించింది. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నా.

నాకు ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు. దానికి ప్రతి ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్ అనే మాత్ర వేసుకోవాలి. ఈ జబ్బున్నవాళ్లకి మిగతా కథంతా తెలుసు, లేనివాళ్లకి చెప్పినా అర్థం కాదు కాబట్టి వదిలేస్తున్నా. పక్కింటి వదిన ఒక వీడియో పంపింది, సోంపు గింజల కషాయంతో ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్న వాపులు తీసేసినట్టు పోతాయని. అందులో నోటితో చెప్పింది సోంపు, బొమ్మలో చూపించింది అనాసపువ్వు, కింద రాసింది ఆనిస్. మూడూ వేర్వేరు అని నాకు అప్పుడు తెలీదు. బేగంబజార్‌లో అడిగితే హోటళ్లలో భోజనం అయ్యాక పెట్టే పచ్చ సోంపే పొట్లం కట్టి ఇచ్చారు. ఆరు నెలలు అదే తాగాను.

అసలుది చార్మినార్ దగ్గర యునానీ మందులమ్మే ఒక పెద్దాయన దగ్గర దొరికింది. "బాదియాన్ అంటే మీ సోంపు, బాదియాన్ ఖతాయీ అంటే బిర్యానీలో వేసే పువ్వు, మీరడిగేది అనీసూన్ అమ్మా" అని మూడు డబ్బాలూ తెరిచి చూపించాడు. వీడియో కింద ఆనిస్ అని రాసింది దీన్నే, హిందీవాళ్లు విలాయతీ సౌంఫ్ అంటారట. గింజ జీలకర్ర కన్నా పొట్టి, బూడిద రంగు, చాలావాటికి చివర సన్నటి తొడిమ. అరచేతిలో వేసి నలిపితే కొంచెం నూగు తగులుతుంది. మూడింటి వాసనకీ మూలం అనెథోల్ అనే ఒకే పదార్థం, అందుకే ముక్కు మోసపోతుంది. అనాసపువ్వుతో టీ పెట్టుకునేవాళ్లు కాస్త చూసుకోండి. అచ్చం అలాగే ఉండే జపాన్ రకం ఒకటి ఉంది, అది విషం. అనాసపువ్వు టీ తాగిన పసిపిల్లలకి కూడా ఫిట్స్ వచ్చాయని 2003లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది.

సరే, అసలు సంగతికి వస్తా. అనీసూన్ మొదలుపెట్టిన మూడో నెలకి నా వేలి కణుపుల వాపు బాగా తగ్గింది. ఉంగరం మళ్లీ ఎక్కింది. ఇంక నా ఆనందం చూడాలి, మా చిన్నమ్మ కూతుళ్లందరికీ తలా ఒక పొట్లం పంపాను, ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ ఇదే పురాణం. అప్పుడు నేను చెప్పినవన్నీ విన్నవాళ్లు ఇప్పుడు ఇది కూడా వినాలి. సరిగ్గా ఆ మూడు నెలల ముందే డాక్టరుగారు నా మాత్ర డోసు 10 నుంచి 15 మిల్లీగ్రాములకి పెంచారు. కావాలని దాచలేదు, నిజంగానే నాకు గుర్తు రాలేదు. ఎందుకంటే మాత్రకి వాసన ఉండదు కదా, మింగామా మర్చిపోయామా అంతే. కషాయమైతే రోజూ పొద్దున్నే ఇల్లంతా ఘుమఘుమలాడుతూ "నేనే, నేనే తగ్గించా" అన్నట్టు ఉంటుంది.

ఆ ధీమాతోనే ఆ వానాకాలం చేయకూడని పని చేశాను. మాత్ర లివర్‌కి చేటని ఎవరో అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది, గింజల నీళ్లతో గడిచిపోతున్నప్పుడు మాత్ర ఎందుకని ఒక ఆదివారం మానేశాను. ఏమీ కాలేదు. రెండో వారం కూడా మానేశాను, ఏమీ కాలేదు, నాలుగో వారానికి కూడా బానే ఉన్నాను. మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి వారాలు పట్టినట్టే, దాని ప్రభావం దిగిపోవడానికి కూడా వారాలు పడుతుందని తర్వాత డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలీదు. పాత మాత్రల పుణ్యాన నడుస్తున్న రోజులన్నీ అనీసూన్ ఖాతాలో రాసేసుకున్నా.

ఆరో వారంలో ఒక బుధవారం పొద్దున పళ్లు తోముకుందామంటే పేస్టు మూత తిరగలేదు. వేళ్లు కొయ్యముక్కల్లా ఉన్నాయి. వేడినీళ్లలో పెట్టాను, కాస్త సడలాయి. అప్పుడు కూడా నా తిక్క చూడండి, రెండు చెంచాల గింజలు ఎక్కువ వేసి కషాయం పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి మణికట్లు ఎర్రగా పొంగాయి. కుక్కర్ మూత తీయలేక, పప్పు అలాగే లోపల ఉంచి, మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చున్నా. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, మూత తీసి పప్పు వాసన చూసి బయట పారబోశాడు. అంతకన్నా తిట్టినా బావుండేది. రక్తపరీక్ష చేయిస్తే, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ ఏడాది కింద 9 ఉన్నది 41 అయింది. మళ్లీ దారిలో పడడానికి మూడు నెలలు, మధ్యలో స్టెరాయిడ్లు, వాటితో వచ్చిన ముఖం ఉబ్బు.

వీడియోల వాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పారని అనను. ఎలుకల పాదాలకి వాపు తెప్పించి అనెథోల్ ఇస్తే తగ్గడం ప్రయోగాల్లో చూసిందే. కాకపోతే ఎలుకకి ఇచ్చింది బరువుకి ఇంత అని లెక్కకట్టిన అనెథోల్, నేను తాగింది చెంచాడు గింజల నీళ్లు. పైగా నేను కాచే పద్ధతి ఎంత ఘోరమో కూడా ఆ యునానీ పెద్దాయనే చెప్పాడు. మూత లేకుండా ఇరవై నిమిషాలు మరిగిస్తానంటే నవ్వి, "అంటే అనీసూన్ మీ వంటిల్లు తాగుతోందమ్మా, మీరు కాదు" అన్నాడు. గింజల్లో అనెథోల్ ఉండే నూనె నీళ్లలో సరిగా కరగదు, ఆవిరితో మాత్రం చక్కగా లేచిపోతుంది. మా ఆయన స్వీటు అనుకున్న వాసనంతా అదే. గింజలు చిన్న రోట్లో కచ్చాపచ్చాగా నలిపి, గ్లాసులో వేసి, మరిగిన నీళ్లు పోసి పళ్లెం మూతపెట్టి పావుగంట ఆగాలి. పళ్లెం ఎత్తినప్పుడు అడుగున బొట్లు పట్టి ఉంటాయి, గ్లాసులోని నీళ్లకన్నా వాటికే వాసన ఎక్కువ, వాటిని కూడా గ్లాసులోకే రాల్చాలి.

ఇలా మొదలుపెట్టాక కీళ్లకి ఏ తేడా లేదు గానీ, సోమవారాలు మారాయి. మాత్ర మర్నాడు పొద్దున్నే నోట్లో నీళ్లూరడం, తాలింపు వాసనకే డోకు రావడం, సాయంత్రం దాకా కడుపు ఉబ్బరం, ఇదంతా నాకు ఆరేళ్ల అలవాటు. మూతపెట్టిన కషాయం రెండు గ్లాసులు తాగితే పదకొండింటికి ఇడ్లీ తినగలుగుతున్నా. మనసు చేసే మాయేమో అని నాక్కూడా అనిపించింది. పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు డబ్బా ఇంట్లో మర్చిపోయాను. మూడు వారాల్లో వేళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, సోమవారాలు మాత్రం మళ్లీ పాత సోమవారాలే. యూరప్ మందుల సంస్థ వాళ్ల పత్రంలో కూడా ఈ గింజలకి రాసింది కడుపు ఉబ్బరం, నొప్పి, దగ్గులో కఫం, అదీ సంప్రదాయంగా వాడుతున్నారన్న ఆధారంతోనే. కీళ్ల ఊసే లేదు. రెండు వారాలకి మించి వరసగా తాగొద్దని కూడా ఉంది, అది చూశాక రోజూ తాగడం మానేశా.

కొనమంటారా అని మా చెల్లెళ్లు అడుగుతూనే ఉన్నారు. నాలాగా వారానికొకసారి మాత్ర వేసుకుని, మర్నాడు వికారంతో బాధపడేవాళ్లయితే, మీ డాక్టరుకి ఒక మాట చెప్పి చూడొచ్చు. జీలకర్ర, ధనియాలు, వాము పడనివాళ్లకి ఇదీ పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం. మా అక్కకి పంపిన పొట్లం మాత్రం వెనక్కి తెచ్చేశాను. తనది రొమ్ము క్యాన్సర్, హార్మోన్ మాత్రల మీద ఉంది, ఈ గింజలకి కొంచెం ఈస్ట్రోజన్ గుణం ఉంటుందని తన డాక్టరు వద్దన్నారట. అది తెలీకుండా నేనే ఎగబడి పంపాను.

ఆ పొట్లంతో కలిపి ఇప్పుడు నా దగ్గర పావుకిలో దాకా ఉంది. సోమవారం, మహా అయితే మంగళవారం పొద్దున, అంతకు మించి తీయడం లేదు కాబట్టి సంక్రాంతి దాకా వస్తుంది.