ఒకేసారి నాలుగు వేల పదాలా, ఏడాదికో పేజీ చొప్పునా?

హైదరాబాద్‌లో ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) బడిలో పదకొండేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. ఏటా ఏడెనిమిది మంది పిల్లలు రాసే ఎక్స్‌టెండెడ్ ఎస్సేలకు, అంటే పెద్ద పరిశోధన వ్యాసాలకు, నేనే సూపర్‌వైజర్‌ని. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు తప్పకుండా ఒక మాట అడుగుతారు: "కాలేజీ స్థాయి రీసెర్చ్ పేపర్ రాయడం రావాలంటే ఏది మేలు మేడమ్? ఐబీయా, అమెరికాలో మావాళ్ల పిల్లలు చేస్తున్న అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్యాప్‌స్టోనా?" క్యాప్‌స్టోన్ అంటే అక్కడి హైస్కూల్ పిల్లలకు రీసెర్చ్ నేర్పే కోర్సు. ఈ పోలికలో మూడోది కూడా ఒకటుంది. దాని గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. నా మనసు మాత్రం దాని మీదే ఉంది.

ముందు నాకు బాగా తెలిసినది. ఐబీ డిప్లొమా చదివే ప్రతి విద్యార్థీ ఎక్స్‌టెండెడ్ ఎస్సే రాయాలి. విషయం, ప్రశ్న తనే ఎంచుకోవాలి. 4,000 పదాలు దాటకూడదు. దాటితే ఆ పైది పరీక్షకులు చదవరు. విద్యార్థికి దాదాపు 40 గంటల పని అని అంచనా. సూపర్‌వైజర్‌గా నేనిచ్చే సమయం మొత్తం కలిపి మూడు నుంచి ఐదు గంటలు. పూర్తి డ్రాఫ్టు మీద ఒక్కసారే వ్యాఖ్యలు రాయొచ్చు. ఆ తర్వాతి డ్రాఫ్టు చూడటానికి వీల్లేదు. చివర్లో విద్యార్థితో చిన్న వైవా, అంటే ముఖాముఖి ప్రశ్నలు, ఉంటుంది. గ్రేడు 'ఏ' నుంచి 'ఈ' వరకు. 'ఈ' వస్తే డిప్లొమానే పోతుంది. పిల్లలకు టెన్షన్ ఎందుకో దీంతోనే అర్థమవుతుంది.

రెండేళ్ల కిందట ఒకబ్బాయి 1908 మూసీ వరద మీద రాస్తానన్నాడు. తెచ్చిన మొదటి ప్రశ్న: "మూసీ వరదకు కారణాలు, ఫలితాలు ఏమిటి?" ఇది పాఠ్యపుస్తకంలో పాఠం చివర ఉండే ప్రశ్న. దానికి జవాబు ఎక్కడో సిద్ధంగా ఉంటుంది, చూసి రాయడమే. వాదించడానికి ఏమీ లేదు. మూడుసార్లు కూర్చున్నాక ప్రశ్న ఇలా మారింది: "1912లో హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటుకు 1908 వరద ఎంతవరకు కారణం, 1911 ప్లేగు ఎంతవరకు కారణం?" ఇప్పుడు తూచడానికి రెండు వైపులా బరువుంది. ఎటు మొగ్గినా ఆధారం చూపించాలి.

ప్రశ్న కుదిరింది కదా అని నేను ధీమాగా ఉన్నాను. అక్టోబర్‌లో డ్రాఫ్టు వచ్చింది. 1591లో నగరం కట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, వరద దగ్గరికి వచ్చేసరికి పన్నెండు వందల పదాలు ఖర్చయిపోయాయి. మధ్యలో ఒక వాక్యం: ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కింద ఫుట్‌నోట్‌లో ఒక వెబ్‌సైట్ పేరు.

"ఈ 150 మందిని ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగాను.

"అన్ని చోట్లా అదే ఉంది మేడమ్."

ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఐదు పేజీలు తెరిచాం. ఐదింటిలోనూ ఆ వాక్యం ఇంచుమించు ఒకేలా ఉంది. ఒక్కదానిలోనూ ఆ సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చిందో లేదు. అబ్బాయి ముఖంలో రంగు మారడం చూశాను. "అంటే నాకున్నవి ఐదు ఆధారాలు కావు, ఒకటే" అన్నాడు నెమ్మదిగా. తర్వాత రెండు శనివారాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కీ, మూసీ ఒడ్డునే ఉన్న అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయానికీ తిరిగాడు. ఆ సంఖ్యకు మూలం దొరకలేదు. చివరి ప్రతిలో "జనం చెప్పుకుంటారు" అని రాసి, 150ని తీసేశాడు. నాకు అంతకంటే సంతోషం కలిగించిన దిద్దుబాటు ఇంకొకటి లేదు.

కానీ ఆ సంతోషంలోనే ఒక బాధ కూడా ఉంది. ఒకరిని చూసి ఒకరు రాస్తే ఆధారాల సంఖ్య పెరగదన్న సంగతి ఏడో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. అది ఈ అబ్బాయికి పదిహేడేళ్లకు తెలిసింది, అదీ నేను వ్యాఖ్యలు రాయగలిగే ఒక్క డ్రాఫ్టులో. ఆ ఒక్క అవకాశం అంతా అక్కడే ఖర్చయింది. వాదన ఎలా నడపాలి, ప్లేగు వైపు ఆధారాలు ఎందుకు పలుచగా ఉన్నాయి అన్న అసలు మాటలకు చోటు చాల్లేదు. ఎక్స్‌టెండెడ్ ఎస్సే మంచి పరీక్షే, ఒప్పుకుంటాను. రాయడం వచ్చినవాడి చేత మంచి పేపర్ రాయిస్తుంది. రానివాడికి నేర్పే తీరిక మాత్రం దానికి లేదు.

క్యాప్‌స్టోన్ ఆ తీరిక ఇస్తుంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు నడిపే అమెరికా సంస్థ కాలేజ్ బోర్డు 2014లో మొదలుపెట్టిన రెండేళ్ల కోర్సు ఇది. మొదటి ఏడాది సెమినార్: ఇతరుల వాదనలు చదవడం, విప్పి చూడటం, జట్టుగా ఒక పని, సొంతంగా 2,000 పదాల వ్యాసం. రెండో ఏడాది రీసెర్చ్: 4,000 నుంచి 5,000 పదాల పేపర్, ఆపైన ప్రజెంటేషన్, ప్రశ్నలకు జవాబులు. మార్కుల్లో పేపర్‌కు 75 శాతం, ప్రజెంటేషన్‌కు 25 శాతం. ఇది టైంటేబుల్లో ఉండే క్లాసు. రోజూ టీచర్ ఎదురుగా ఉంటారు. ఇది చిన్న విషయం కాదు.

మా అక్క కూతురు న్యూజెర్సీలో ఇదే చేసింది. వారాంతపు తెలుగు బడికి వెళ్లే పిల్లలు ఇంట్లో అమ్మానాన్నలతో ఎప్పుడు తెలుగులో, ఎప్పుడు ఇంగ్లిష్‌లో మాట్లాడతారన్నది తన విషయం. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి "పిన్నీ, నాకు గ్యాప్ దొరకట్లేదు" అంది. గ్యాప్ అంటే, ఇంతవరకు పరిశోధకులెవరూ తాకని ఖాళీ. దాన్ని చూపించి, ఒక పద్ధతి ఎంచుకుని, సొంతంగా సమాచారం సేకరించాలి. మనుషుల్ని ప్రశ్నలు అడగాలంటే బడిలో ముందు నైతిక సమీక్ష దాటాలి. తను 31 మంది పిల్లల్ని అడిగింది. 31 మందిని బట్టి అమెరికాలోని తెలుగు పిల్లలందరి గురించీ చెప్పకూడదని వాళ్ల టీచర్ మూడుసార్లు వెనక్కి పంపారట. అలా వెనక్కి పంపేవాళ్లు ఉండటమే ఆ కోర్సు గొప్పతనం.

నాకు నచ్చనిది కూడా అక్కడే ఉంది. పదహారేళ్ల పిల్లను అప్పుడే కొత్త సమాచారం పుట్టించమంటే, చాలామంది స్నేహితులకు గూగుల్ ఫారం పంపి శాతాలు లెక్కగట్టి ఊరుకుంటారు. ఒక మంచి పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివి, దాని మీద నిలబడి వాదించడం ఈ వయసుకు ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. పైగా ఈ కోర్సు అన్ని బళ్లలోనూ ఉండదు. మన దగ్గరైతే మరీ తక్కువ.

ఇక మూడోది. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో విల్ ఫిట్జ్‌హ్యూ అనే చరిత్ర టీచర్ హైస్కూల్ పిల్లల చరిత్ర వ్యాసాలు అచ్చువేయడానికి 1987లో ఒక త్రైమాసిక పత్రిక పెట్టారు. పేరు ది కాంకర్డ్ రివ్యూ. ఆయన ప్రతిపాదించినదే ఏడాదికో పేజీ పద్ధతి. ఒకటో తరగతిలో ఒక పేజీ, ఒక ఆధారం. ఐదో తరగతిలో ఐదు పేజీలు, ఐదు ఆధారాలు. పన్నెండుకు వచ్చేసరికి పన్నెండు పేజీలు, అంటే దాదాపు మూడు వేల పదాలు. షరతు ఒక్కటే: పిల్లలు తమ గురించి కాకుండా బయటి ప్రపంచంలోని ఏదో ఒక విషయం గురించి చదివి రాయాలి. దీనికి పరీక్ష ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు.

మన బళ్లకు ఇది ఎంత అవసరమో చెప్పాలంటే రికార్డుల గురించి చెప్పాలి. మన పిల్లల్లో చాలామందికి ఇంటర్ వరకు పెద్ద రాత అంటే ల్యాబ్ రికార్డే. అదీ సీనియర్ దగ్గర తెచ్చుకుని, బొమ్మలతో సహా దించుకునేది. ప్రాజెక్ట్ వర్క్ ఇస్తే నెట్ సెంటర్లో ప్రింట్ తీసి, స్కెచ్ పెన్నుతో బార్డర్ గీసి ఇస్తారు. తప్పు పిల్లలది కాదు. చదివినది పక్కన పెట్టి సొంత మాటల్లో రాయమని వాళ్లను ఎవరూ కూర్చోబెట్టలేదు. అలా పన్నెండేళ్లు దించుకున్న చేతికి ఒక్కసారిగా 4,000 పదాలు అప్పగిస్తే అది మళ్లీ దించుకోవడమే చేస్తుంది. ఇప్పుడు చాట్‌జీపీటీ ఉంది కాబట్టి దించుకోవడం మరీ తేలిక. ఐబీ దాన్ని నిషేధించలేదు, వాడితే చెప్పి తీరాలంది. క్యాప్‌స్టోన్‌లో టీచర్ మధ్యమధ్యలో పిల్లల్ని కూర్చోబెట్టి పని తమదేనని మాట్లాడించి తేల్చుకోవాలి. ఏటా ఒక పేపర్ రాస్తూ వచ్చిన పిల్ల అయితే, తన రాత ఎలా ఉంటుందో టీచర్‌కి ముందే తెలుస్తుంది.

ఈ పద్ధతికి ఖర్చు లేదని అనడం లేదు. ఖర్చంతా టీచర్ సమయం. తొమ్మిదో తరగతిలో 40 మంది, తలా తొమ్మిది పేజీలు, ఒక్కో పేపర్‌కి 20 నిమిషాలు అనుకుంటే 800 నిమిషాలు, పదమూడు గంటల పైమాట. సెక్షన్‌లో అరవై మంది ఉంటే ఇరవై గంటలు. సిలబస్ పూర్తి చేయాలి, స్లిప్ టెస్టులు దిద్దాలి, పైగా ఇది. యాజమాన్యం ఆ గంటల్ని టైంటేబుల్లో చూపించకపోతే ఈ మాట కాగితం మీదే ఉంటుంది. ఇంకొక లోటు: బయటి పరీక్షకుడు లేడు కాబట్టి నాణ్యత అంతా బడి పట్టుదల మీదే ఆధారపడుతుంది.

అయినా ఒకటి ఎంచుకోమంటే ఏడాదికో పేజీనే ఎంచుకుంటాను. దాని మీద ఎక్స్‌టెండెడ్ ఎస్సే వస్తే ఇంకా మంచిది, అప్పుడు ఆ ఒక్క డ్రాఫ్టు అవకాశం వాదన మీద ఖర్చవుతుంది. చిన్న తరగతుల్లో ఏమీ రాయకుండా పదో తరగతికి వచ్చేసి, బడిలో క్యాప్‌స్టోన్ ఉంటే, ఎక్స్‌టెండెడ్ ఎస్సే కంటే అదే మేలు. సెమినార్ ఏడాది ఆ లోటు కొంత పూడుస్తుంది. ఇందులో నాకు సందేహం లేదు.

ఇవేవీ లేని బడిలో, ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న పిల్లలుంటే దసరా సెలవుల్లో ఇలా మొదలుపెట్టించండి. ఒక ప్రశ్న, మూడు ఆధారాలు. అందులో ఒకటైనా పుస్తకం కావాలి. కొన్ని అట్ట కార్డులు కొనివ్వండి. ఒక్కో కార్డు మీద పైన పుస్తకం పేరు, పేజీ నంబరు. పుస్తకం మూసేశాక, చదివింది తన మాటల్లో రెండు వాక్యాలు. కార్డులు ముప్పై అయ్యాక నేల మీద పరిచి, ఒకదాన్ని ఒకటి బలపరిచేవి ఒక పక్క, కాదనేవి ఇంకో పక్క పెట్టమనండి. మూడు పేజీలు చాలు. సంక్రాంతికి ఇంకొకటి, ఈసారి నాలుగు.